కోల్డ్ రూంలో గులాబీ వయసు

పెళ్లి డెకరేషన్ మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు రంగులు, రేట్లు, అడ్వాన్సు అన్నీ తెమిలాక, చెప్పులేసుకుంటూ ఒక మాట అడుగుతారు. “ఫ్రిజ్‌లో పెట్టిన పూలు కాదు కదండీ? ఫ్రెష్‌వే పెడతారు కదా?” నేను దాచను. “మా పూలన్నీ కోల్డ్ రూంలోంచే వస్తాయండీ, అందుకే ఫ్రెష్‌గా ఉంటాయి” అంటాను. నిన్నటి కూర వేడి చేసి వడ్డిస్తానన్నట్టు చూస్తారు నా వంక.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర మాకో హోల్‌సేల్ కొట్టు ఉంది. కొట్టు మావారు చూసుకుంటారు. వెనకున్న కోల్డ్ రూం పెత్తనం నాది. నేను పుట్టింది కడియం పక్క ఊళ్లో కాబట్టి పూలు కొత్త కాదు. కాకపోతే అక్కడ పూలంటే తడి గోనెసంచి, అరటాకు, తెల్లవారుజామున కడియపులంక సంత. డచ్ గులాబీలు, జెర్బెరాలు, కార్నేషన్లు నాకు పరిచయమైంది ఇక్కడికి కాపురానికొచ్చాకే. వీటితో ఇన్నేళ్లు వేగాక నాకు తేలిందేమిటంటే, పువ్వు వయసు ఎప్పుడు కోశారన్న తేదీని బట్టి ఉండదు. కోసినప్పటి నుంచి దానికి ఎంత వేడి తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగు రోజుల కిందట కోసిన గులాబీ నిన్న కోసినదానికన్నా చిన్నది కావచ్చు. వినడానికి తిరకాసుగా ఉన్నా మా వ్యాపారమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

కోసిన పువ్వు చచ్చిపోదు. వేరు నుంచి వచ్చే నీళ్లు, తిండి ఆగిపోతాయి గానీ ఊపిరి ఆగదు. కాడలో, ఆకుల్లో, రేకుల్లో దాచుకున్న చక్కెరని కొంచెం కొంచెం ఖర్చు చేసుకుంటూ అది బతుకుతూనే ఉంటుంది. ఆ నిల్వ ఎంత నెమ్మదిగా ఖర్చయితే పువ్వు అన్ని రోజులు నిలుస్తుంది. ఆ ఖర్చు వేగాన్ని నిర్ణయించేది వేడి. కార్నేషన్ పువ్వు 0 డిగ్రీల దగ్గర పీల్చే ఊపిరికీ 20 డిగ్రీల దగ్గర పీల్చేదానికీ తేడా 20 రెట్లకు పైనే ఉంటుందని కొలిచి చూపించారు. 20 డిగ్రీలంటే మనకు హాయిగా దుప్పటి కప్పుకునే ఏసీ గది. మన ఎండాకాలం 40 డిగ్రీల సంగతి చెప్పనే అక్కర్లేదు. చల్లటి ఏసీ హాల్లో ఒక పగలు గడిపిన పువ్వుకు, 0 డిగ్రీల దగ్గర ఓ వారం ఉన్న పువ్వుకన్నా ఎక్కువ వయసు పైబడుతుంది.

అందుకే సిగ్నల్ దగ్గర బకెట్లో అమ్మే “ఈ రోజు పువ్వు” నాకు ముసలిదిగానే కనిపిస్తుంది. మా గదిలో మూడు రోజులుగా 2 డిగ్రీల చలిలో ఉన్న గులాబీకి ఇంకా పెళ్లీడు రాలేదు.

అయితే చలికి ఒక హద్దుంది. అది పోయిన ఆయుష్షును తిరిగి తెచ్చివ్వదు, మిగిలినదాన్ని కాపాడుతుందంతే. పొద్దున కోసిన గులాబీని మధ్యాహ్నం దాకా షెడ్డులో పడేసి, తర్వాత ఎంత మంచి కోల్డ్ రూంలో పెట్టినా ఆ అరపూట అరపూటే. మాకొచ్చే గులాబీల్లో ఎక్కువ భాగం హోసూరు, బెంగళూరు వైపు నుంచి వస్తాయి. కార్నేషన్లు నీలగిరి కొండల నుంచి, జెర్బెరాలు చేవెళ్ల, శంషాబాద్ వైపు పాలీహౌస్‌ల నుంచి. మంచి రైతు పొద్దు పొడవకముందే మొగ్గ కోసి, కోసిన చోటే నీళ్ల బకెట్లో వేసి, వెంటనే చల్లగదికి చేరుస్తాడు. ఆ తర్వాతే గ్రేడింగు, 20 కాడలకో కట్ట, మొగ్గల చుట్టూ గళ్ల అట్ట, పైన పెట్టె. తొందరపడే రైతు ముందు పెట్టె కట్టేసి, “చల్లదనం మీ దగ్గర దొరుకుతుంది కదా” అంటాడు.

అట్టపెట్టె వేడిని లోపలికి ఎలా రానివ్వదో, బయటికీ అలాగే పోనివ్వదు. పైగా లోపల వందల మొగ్గలు ఊపిరి తీస్తున్నాయి. ఊపిరితో పాటు వేడి పుడుతుంది, ఆ వేడికి ఊపిరి ఇంకా పెరుగుతుంది. తెల్లవారుజామున బండి రాగానే మా కుర్రాడు చేసే మొదటి పని, సూదిమొన థర్మామీటర్‌ను పెట్టె చెవి రంధ్రంలోంచి నడిమధ్యకు గుచ్చడం. బయట చలికాలం 16 ఉన్నా పెట్టె నడుమ 27, 28 చూపించిన రోజులున్నాయి. అలాంటి పెట్టెల్ని తీసుకెళ్లి కోల్డ్ రూంలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, పైపెట్టె అట్ట మాత్రం చల్లబడుతుంది. నడిమి మొగ్గకు ఆ చలి చేరేసరికి రాత్రంతా గడిచిపోతుంది.

దీనికి మేం వాడే ఉపాయం చూడ్డానికి మోటుగా ఉంటుంది. పెట్టెల రెండు చివర్లా రంధ్రాలుంటాయి. కోల్డ్ రూంలో వాటిని రెండు వరసలుగా, మధ్యలో సందు వదిలి పేరుస్తాం. ఆ సందు పైనా ఒక చివరా టార్పాలిన్ కప్పేస్తాం. రెండో చివర ఫ్యాను పెట్టి గాలిని బయటికి లాగిస్తాం. సందులో గాలి తగ్గేసరికి, గదిలో ఉన్న చల్లగాలికి పెట్టెల రంధ్రాల్లోంచి దూరి రావడం తప్ప వేరే దారి ఉండదు. పోయేదారిలో ప్రతి మొగ్గనూ తాకుతూ పోతుంది. రాత్రంతా పట్టే పని గంటలోపు అయిపోతుంది. పెద్ద ఎగుమతిదారులు ఇదే పనికి ఖరీదైన యంత్రాలు పెట్టుకుంటారు. మాది టార్పాలిన్, పాత ఎగ్జాస్ట్ ఫ్యాను. గాలికి ఆ తేడా తెలియదు.

ఎంత చలి కావాలన్నది పువ్వును బట్టి మారుతుంది. గులాబీ, కార్నేషన్, చామంతి చలిదేశాల తీరువి. 0 నుంచి 2 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. 0 కన్నా అర డిగ్రీ కిందికి జారితే గులాబీ రేకులో నీళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి, రోజంతా తలుపు తీసి మూసే మాలాంటి వాళ్లం 2 నుంచి 4 మధ్య పెట్టుకుంటాం. జెర్బెరాలకూ ఇదే సరిపోతుంది. ఆంథూరియం, ఆర్కిడ్, హెలికోనియా మాత్రం ఉక్కదేశాల పూలు. డెండ్రోబియం ఆర్కిడ్‌కు 10 డిగ్రీల పైన ఉండాలి, ఆంథూరియంకు ఇంకా ఎక్కువ, 13 పైన. వీటిని గులాబీల పక్కన పెడితే పగ వెంటనే తీర్చుకోవు. తీసినప్పుడు నిగనిగలాడుతూనే ఉంటాయి. మర్నాడు మండపంలో, అందరూ ఫొటోలు దిగే వేళకు, ఎర్రటి ఆంథూరియం అంచు నీలంగా మారి నల్లబడుతుంది. చలి దెబ్బ చలిలో కనపడదు, వెచ్చదనంలోకి వచ్చాకే బయటపడుతుంది. అందుకని మా ఆర్కిడ్ల పెట్టెలు ఏసీ ఆఫీసు గదిలో, బిల్లు పుస్తకాల పక్కన ఉంటాయి.

ఇంతవరకూ చలి సంగతి. కానీ కోల్డ్ రూంలో పూలు పోయేది చలి చాలక కాదు, ఎక్కువగా ఎండిపోయి. మా గది కట్టించేటప్పుడు కొటేషన్ ఇచ్చినవాళ్లలో ఒకాయన గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు కట్టిన అనుభవం ఉందని చెప్పాడు. మిర్చి ఎండుసరుకు. దానికి చలీ కావాలి, పొడితనమూ కావాలి, తేమ తగిలితే బూజు పడుతుంది. పువ్వుకు చలితో పాటు గాలిలో 90 నుంచి 95 శాతం తేమ ఉండాలి. రెండూ చల్లటి గదులే, రెండిట్లోనూ 4 డిగ్రీలే చూపిస్తుంది బోర్డు. ఒకదాంట్లో పెట్టాల్సింది రెండోదాంట్లో పెడితే రెండూ పోతాయి.

ఈ తేమ మర్మం నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది మా ఏసీ మెకానిక్ భాయ్. మాకన్నా ముందు నుంచీ ఈ మార్కెట్లో కంప్రెసర్లు బాగుచేస్తున్న మనిషి. మా పక్క కొట్టువాళ్ల గదిలో గులాబీ రేకుల అంచులు కాగితంలా అవుతున్నాయంటే చూడ్డానికి వచ్చాడు, నేనూ వెళ్లాను. ఆయన గదిలోకి పోలేదు. వెనక్కి పోయి డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్ చూపించాడు. అంచుదాకా నిండి ఉంది.

“అక్కా, ఈ నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయనుకుంటున్రు?” అన్నాడు.

“మిషన్లోంచి కదా భాయ్?”

“మిషన్ల నీళ్లు యాడుంటయి? సగం తలుపుకెళ్లి వచ్చినయి. సగం పూలకెళ్లి వచ్చినయి.”

చల్లటి గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, గదిలో గాలిని చల్లబరిచే కాయిల్ మీద కూడా గాలిలోని తేమ నీళ్లుగానో మంచుగానో పేరుకుంటుంది. కాయిల్ ఎంత చల్లగా ఉంటే అంత తేమను గుంజుకుంటుంది. తేమ తగ్గిన గాలి మళ్లీ పూల మీదికి పోయి వాటిలోంచి పీలుస్తుంది. అది మళ్లీ కాయిల్ మీద చేరుతుంది. ఇలా పూలలోని నీళ్లు చుక్కచుక్కగా డ్రెయిన్ పైపు దారి పడతాయి. ఖర్చు తగ్గుతుందని చిన్న కాయిల్ పెడితే, అది గదిని 2 డిగ్రీలకు తేవాలంటే తాను మైనస్ 8కో మైనస్ 10కో పోవాలి. పెద్ద కాయిల్ అయితే మైనస్ 2 దగ్గరుండే ఆ పని చేస్తుంది. గదికీ కాయిల్‌కీ నడుమ తేడా 4, 5 డిగ్రీలు దాటకపోతే పూలకు దాహం వెయ్యదు. బోర్డు మీద రెండు గదులూ 2 డిగ్రీలే చూపిస్తాయి. తేడా తెలిసేది బకెట్ దగ్గరే. కోల్డ్ రూం కొనేవాళ్లంతా ఎన్ని టన్నుల మిషన్ అని అడుగుతారు గానీ, కాయిల్ ఎంత పెద్దదని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

భాయ్ చెప్పిన రెండో ముక్క, తలుపు. పొద్దున కొట్టు మీద జనం ఉన్నప్పుడు తలుపు తీసినప్పుడల్లా బయటి వెచ్చటి, తేమగల గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. చల్లబడి ఉన్న రేకుల మీద చెమ్మ కమ్ముతుంది. ఇప్పుడే కదా తేమ మంచిదన్నారు అంటారేమో. గాలిలో తేమ వేరు, రేకు మీద నీటిబొట్టు వేరు. ఆ బొట్టులో బొట్రైటిస్ అనే బూడిదరంగు బూజు మొలకెత్తుతుంది. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, పాలీహౌస్ నుంచే పువ్వు మీద కూర్చుని వస్తాయి. చలికి చావని జాతి అది, 0 డిగ్రీల్లోనూ మెల్లగా పాకుతుంది. గులాబీ బయటిరేకు మీద మొదట గుండుసూది మొనంత మచ్చ, రెండో రోజుకు గోధుమరంగు, తర్వాత పువ్వు తల కింద ముట్టుకుంటే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. తెల్ల గులాబీల్లో మచ్చ వెంటనే కనిపిస్తుంది, ఎర్రవాటిలో వెతుక్కోవాలి.

చలి ఎంతుందన్నదానికన్నా అది కదలకుండా ఉండటమే ముఖ్యమని నేను గట్టిగా చెబుతాను. పగలు 2, రాత్రి కరెంటు పోయి 9, జనరేటర్ వేశాక మళ్లీ 2. ఇలా ఊగే గదికన్నా స్థిరంగా 5 దగ్గర నిలిచే గది నయం. ఊగిన ప్రతిసారీ రేకుల మీద చెమ్మ పడుతుంది. తలుపుకు మందపాటి ప్లాస్టిక్ పట్టీల పరదాలు వేశాం. ఏమేం తియ్యాలో చీటీ రాసుకుని ఒక్కసారే లోపలికి పోవాలని కుర్రాళ్లకు నియమం పెట్టాను. ఫోన్లో మాట్లాడుతూ తలుపు పట్టుకుని నిలబడితే నా నోటికి పని పడుతుంది.

ఇక నీళ్లు. కొన్ని పూలను పొడిగానే దాస్తారు. కార్నేషన్ మొగ్గల్ని పాలిథీన్ చుట్టి పెట్టెలో 0 నుంచి 1 డిగ్రీ దగ్గర మూడు, నాలుగు వారాలు ఉంచే పద్ధతి ఉంది. రోజూ అమ్ముకునే సరుకును మాత్రం బకెట్లలో నిలబెట్టాల్సిందే. కాడ కొయ్యగానే కోసిన చోట గాలి లోపలికి పోతుంది, సన్నటి నీళ్ల గొట్టంలో బుడగ అడ్డుపడుతుంది. దాని వెనకే బ్యాక్టీరియా చేరి జిగురు కడుతుంది. కాడ నీళ్లలోనే ఉంటుంది, తల మాత్రం దాహంతో వాలిపోతుంది. గులాబీ మెడ వాల్చిందంటే నూటికి తొంభైపాళ్లు రోగం కింద ఉంది, పైన కాదు. అంగుళం కాడ నీళ్లలోనే ముంచి కత్తిరించాలి, మునిగే ఆకులన్నీ దుయ్యాలి, బకెట్లను బ్లీచింగ్ నీళ్లతో రుద్ది కడగాలి. ఇనప రేకు బకెట్లు పనికిరావు, ప్లాస్టిక్‌వే వాడాలి. నిమ్మ ఉప్పు వేసి నీళ్లను పుల్లబరిస్తే కాడలో వేగంగా ఎక్కుతాయి, బ్యాక్టీరియా జోరూ తగ్గుతుంది. జెర్బెరా కాడకు నూగుంటుంది, లోపల డొల్ల, తొందరగా కుళ్లుతుంది. దానికి నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు.

ఏ నీళ్లన్నది కూడా చూసుకోవాలి. నల్గొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మనందరికీ తెలుసు, అక్కడి జనం ఎముకలు వంకర్లు పోయి పడ్డ బాధ చూశాం. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నా జెర్బెరా, గ్లాడియోలస్ పూల రేకుల అంచులు మాడిపోతాయి. మనుషులు తాగే నీళ్లకు పెట్టుకున్న హద్దుకు దగ్గర్లోనే ఈ పూల హద్దూ ఉందన్నమాట. ఇంకొకటి చాలామందికి తెలియనిది, అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ల గట్టితనం పోవడానికి పెట్టే సాఫ్టనర్. అది కాల్షియాన్ని తీసేసి బదులుగా సోడియం వేస్తుంది. సబ్బు బాగా నురగొస్తుంది, గులాబీకి, కార్నేషన్‌కు మాత్రం ఆ సోడియం పడదు. ఫ్లాట్లలో ఉండే కస్టమర్లు “మీ పూలు రెండు రోజులకే వాడిపోయాయి” అని వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న వాళ్ల నీళ్ల గురించే. తాగే నీళ్లు, అంటే ఆర్వో నీళ్లు వాడి చూడమంటాను.

వాజులో ఆస్పిరిన్, రాగిపైసా వెయ్యమని చెప్పేవాళ్లున్నారు. వాటివల్ల ఒరిగేదేమీ లేదు. చక్కెర పనిచేస్తుంది, ఎందుకంటే అదే పువ్వు తిండి. కానీ ఉత్త చక్కెర వేస్తే ముందు తినేది బ్యాక్టీరియా. లీటరు నీళ్లలో రెండు చెంచాల చక్కెర, కొన్ని చుక్కల బ్లీచ్, చిటికెడు నిమ్మ ఉప్పు, మూడూ కలిస్తేనే మందు.

కంటికి కనపడని శత్రువు ఒకటుంది, ఇథిలీన్ వాయువు. పండు తాను పండేటప్పుడు వదిలేది ఇదే. మన మామిడికాయలు మగ్గబెట్టే గదుల్లో కార్బైడ్ బదులు వాడమని ప్రభుత్వం అనుమతించిందీ దీన్నే, 100 పీపీఎం వరకు. పూల మీద దీని ప్రతాపం బయటపడింది అమెరికాలో. అక్కడ షికాగోలో గాజుగదుల్లో పెంచే కార్నేషన్లు రేకులు లోపలికి ముడుచుకుని, నిద్రపోయినట్టు అయిపోయి మళ్లీ విచ్చుకునేవి కావు. దీపాల కోసం వేసిన గ్యాసు పైపులు కారుతున్న చోట ఇది జరుగుతోందని గమనించి, 1908లో విలియం క్రాకర్, లీ నైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గ్యాసులో దోషం ఇథిలీన్‌దని తేల్చారు. 20 లక్షల వంతుల గాలిలో ఒక్క వంతు ఇథిలీన్ కలిసినా, విచ్చుకున్న కార్నేషన్ పన్నెండు గంటల్లో ముడుచుకుందని వాళ్లు రాశారు. మగ్గబెట్టే గదిలో వాడే మోతాదు దీనికి రెండు వందల రెట్లు.

కాబట్టి పళ్ల గోడౌన్ పక్కన పూల గది కట్టకూడదు. పూలు, పళ్లు ఒకే వ్యాన్లో రాకూడదు. మా దగ్గర కార్నేషన్, జిప్సీ, ఆర్కిడ్, లిల్లీయం దీనికి తొందరగా లొంగుతాయి, చామంతి, జెర్బెరా పెద్దగా పట్టించుకోవు, గులాబీలో రకాన్ని బట్టి ఉంటుంది. చల్లగా ఉన్న పువ్వుకు ఇథిలీన్ అంతగా ఎక్కదు, అది చలికున్న ఇంకో గుణం. ఆటోల పొగలో, సిగరెట్ పొగలో, గదిలో మూలన కుళ్లుతున్న రేకుల్లో కూడా ఇథిలీన్ ఉంటుంది. అగరొత్తి పొగలోనూ ఉంటుంది. దీంతో మా ఇంట్లో ప్రతి దసరాకీ చిన్న పేచీ. ఆయుధపూజ నాడు కంప్రెసర్‌కు బొట్టుపెట్టి, గుమ్మడికాయ కొట్టి, కోల్డ్ రూంలో అగరొత్తి తిప్పాలని మా అత్తగారి పట్టు. “కంప్రెసర్ బయటే ఉంది కదత్తయ్యా, పూజ దానికి. లోపలున్నది సరుకు” అని ఒప్పించాను. ఇప్పుడు హారతి బయటే ఇస్తారు, నా వంక ఒకసారి చూసి.

ఇథిలీన్‌కు విరుగుళ్లూ వచ్చాయి. 1970ల చివర్లో నెదర్లాండ్స్ పరిశోధకులు వెండి లవణంతో చేసిన ఒక ద్రావణం కనిపెట్టారు. కార్నేషన్ కాడల్ని అందులో కాసేపు నిలబెడితే పువ్వుకు ఇథిలీన్ సోకదు. అయితే వాడిన నీళ్లు పారబోస్తే వెండి మట్టిలో చేరుతుంది. తర్వాత నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ 1-ఎంసీపీ అనే వాయువు పనితనం బయటపెట్టారు. మూసిన గదిలో కాసేపు వదిలితే అది పువ్వులో ఇథిలీన్ కూర్చోవాల్సిన చోట తానే కూర్చుంటుంది. ఆపిల్ పళ్లను నెలల తరబడి దాచడానికి కూడా దాన్నే వాడుతున్నారు. మా స్థాయికి అవి అక్కర్లేదు, ఊడ్చి తుడుచుకుంటే సగం ఇథిలీన్ పోయినట్టే.

దాచడం తెలిసింది కదా అని ఎన్నాళ్లయినా దాచొచ్చా? లేదు. గులాబీకి 0 డిగ్రీల దగ్గర పొడిగా రెండు వారాలు గట్టి హద్దు. గ్లాడియోలస్‌కు వారం. పైగా గ్లాడియోలస్‌ను పడుకోబెడితే కొస పైకి వంగిపోతుంది, నిలబెట్టే ఉంచాలి. నేలసంపెంగ, అదే మన మార్కెట్లో లిల్లీ అనేది, ఎక్కువ రోజులు చలిలో ఉంటే మొగ్గలు విచ్చుకోవడం మానేస్తాయి. మాఘమాసం ముహూర్తాలు, ఫిబ్రవరి 14 దగ్గరదగ్గరగా పడ్డాయంటే వారం ముందు నుంచే సరుకు దాచి రేటు కోసం చూసేవాళ్లుంటారు. అలా హద్దు చివరిదాకా దాచిన గులాబీ గదిలోంచి తీసినప్పుడు అందంగానే ఉంటుంది, వాజులో రెండో రోజు తల వేలాడేస్తుంది. కస్టమర్ల అనుమానానికి మూలం అక్కడుంది, వాళ్లను అనలేం. నా మట్టుకు నేను గులాబీని ఐదు రోజులు మించి ఉంచను. ఆషాఢం, మూఢం రోజుల్లో గది సగం ఖాళీగా నడిపి కరెంటు బిల్లు కట్టుకుంటాను. మళ్లీ శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతాలకు ఆ గది చాలదు.

గదిలోంచి తీసేటప్పుడు కూడా ఒక వరస ఉంది. వానాకాలం చల్లటి కట్టను బయటికి తెచ్చి వెంటనే అట్ట విప్పితే రేకుల మీద చెమ్మ పట్టేస్తుంది. చుట్టిన కవరు విప్పకుండా గంటో గంటన్నరో నీడన ఉంచితే ఆ చెమ్మ కవరు మీదే పడుతుంది. తర్వాత విప్పి, కాడ మళ్లీ కత్తిరించి, నీళ్లలో పెడతాం. లిల్లీయంలు విచ్చుకోవడానికి టైము పడుతుంది కాబట్టి ముందురోజే బయటికొస్తాయి. గులాబీలు పెళ్లి రాత్రయితే ఆ మధ్యాహ్నం వస్తాయి. కార్నేషన్లు ఎప్పుడు తీసినా పేచీ పెట్టవు.

ఇళ్లలో ఫ్రిజ్ ఉన్నవాళ్లు అడిగేది ఎక్కువగా మల్లెపూల గురించి. మంచు కట్టని ఇప్పటి ఫ్రిజ్ అంటే పైన చెప్పిన చిన్న కాయిల్ గదే, గాలి చాలా పొడిగా ఉంటుంది. పూలు అలాగే పెడితే పొద్దుటికి చెక్కు. మా అమ్మ అరటాకులో చుట్టి పైన తడిగుడ్డ కప్పేది, ఫ్రిజ్ లేని రోజుల్లోనే. ఇప్పుడూ అదే చెయ్యండి. గుడ్డ తడిపి గట్టిగా పిండాలి, నీళ్లు కారకూడదు. మూతపెట్టే స్టీలు డబ్బాలో ఉంచి కింది అరలో పెట్టాలి, ఫ్రీజర్‌కు ఆనుకునే చోట పెడితే రేకులు గడ్డకట్టి నీళ్లోడి గోధుమరంగుకు తిరుగుతాయి. అరటిపళ్లు, మామిడిపళ్లు, ఆపిల్స్ ఉన్న అరలో వద్దు. పూలదండ అయితే చుట్టలా మడిచి పెట్టండి, నొక్కకండి, నలిగిన చోట ముందుగా రంగు మారుతుంది. మల్లెమొగ్గ కోసిన సాయంత్రానికి ఎలాగైనా విచ్చుకునేదే. చలిలో పెడితే ఆ విచ్చుకోవడాన్ని మర్నాటికి వాయిదా వేయించగలం, అంతకుమించి ఆశపడొద్దు. పెళ్లికూతురి జడకైతే జడ అల్లడం మొదలుపెట్టినప్పుడు డబ్బా బయటికి తీస్తే సరిపోతుంది.